ఫ్లూ టీకాకని వెళ్ళి మూలకణాలు ఇచ్చివచ్చాను

మొదటిసారి ఆ ఫోను ఎత్తలేదు. 2025 మార్చి 4, మంగళవారం మధ్యాహ్నం. తెరమీద తెలియని నంబరు, కింద మిన్నెసోటా అని ఉంది. అమెరికాలో తెలియని నంబరు మోగిందంటే అయితే కారు బీమా అమ్మేవాళ్ళు, లేకపోతే మీ పేరు మీద వారంటు ఉందని బెదిరించే దొంగలు. మర్నాడు మళ్ళీ అదే నంబరు. సాయంత్రానికి ఒక సందేశం: మీరు ఒక రోగికి సరిపోయే దాత కావచ్చు, వీలైనంత త్వరగా మాతో మాట్లాడండి. ఇదేదో కొత్త రకం మోసం కాబోలు అనుకుని తుడిచేశాను. మూడో రోజు వచ్చిన ఈమెయిల్‌లో మాత్రం నేను ఏ రోజున, ఎక్కడ పేరు ఇచ్చానో రాసి ఉంది. 2023 అక్టోబర్ 14. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు నోట్లో పుల్లలు తిప్పుకున్న సంగతి.

ఆ పుల్లల కథ ముందు చెప్పాలి. అప్పుడు నేను న్యూయార్క్ రాష్ట్రం ఉత్తర భాగంలోని ఒక ఊళ్ళో ఎమ్మెస్ మొదటి సెమిస్టరులో ఉన్నాను. మా యూనివర్సిటీ ఆసుపత్రి వాళ్ళు వారం వారం విద్యార్థులందరికీ వార్తల ఈమెయిల్ పంపేవాళ్ళు. కొత్త వార్డు ప్రారంభం, ఎవరో ప్రొఫెసరుకు పురస్కారం, ఫలానా రోజున రక్తదానం. నేను తెరవకుండానే తీసేసేదాన్ని. ఆ వారం మాత్రం పైనే పెద్ద అక్షరాలతో 'శనివారం ఆరోగ్య మేళా, ఫ్లూ టీకా ఉచితం' అని కనిపించింది. ఉచితం అనే మాటకు విద్యార్థులందరిలాగే నేనూ లొంగిపోయాను.

ఆసుపత్రి ముందరి హాలంతా బల్లలు. ఒకచోట బీపీ చూస్తున్నారు. ఒకచోట ప్లాస్టిక్ బొమ్మను నేలమీద పడుకోబెట్టి ఛాతీ మీద ఎలా ఒత్తాలో నేర్పుతున్నారు. ఇంకోచోట చిన్నపిల్లలు తమ ఎలుగుబంటి బొమ్మలను తెచ్చి, వాటికి జ్వరం చూపించి, కట్లు కట్టించుకుని పోతున్నారు. టీకా వరుసలో నా ముందు నలభై మంది. ఆ వరుస పక్కనే ఒక బల్ల, దాని వెనక మన దేశం మనిషిలా కనిపించిన ఒక వైద్య విద్యార్థిని. "మీ వయసు 18కీ 40కీ మధ్యేనా? పది నిమిషాలు ఇవ్వగలరా?" అని అడిగింది. ముందు నలభై మంది ఉన్నప్పుడు పది నిమిషాలు లేవని ఏ ముఖంతో అంటాను?

రక్తపు జబ్బులున్నవాళ్ళకు, రక్తాన్ని పుట్టించే మూలకణాలు ఇచ్చే దాతల జాబితా కోసమట. నాలుగు దూదిపుల్లలు ఇచ్చారు. బుగ్గల లోపల ఒక్కో మూల ఒక్కోదాన్ని తిప్పి కవరులో పెట్టడమే పని. వీసా ఏమిటని అడగలేదు. నేను దొరక్కపోతే ఎవరికి ఫోను చేయాలో రెండు పేర్లు అడిగితే, న్యూజెర్సీలో ఉండే మా పిన్ని పేరు, నాతో ఉండే స్నేహితురాలి పేరు రాశాను. ఆ అమ్మాయి రెండు అంకెలు చెప్పింది. ఈ జాబితాలో తెల్లవాళ్ళకు పూర్తిగా సరిపోయే దాత దొరికే అవకాశం 79 శాతం, ఆసియా మూలాలున్నవాళ్ళకు 47 శాతం. "మనవాళ్ళు పేరు ఇచ్చేదే తక్కువ, ఇచ్చినా పిలిచినప్పుడు పలకరు" అంది. నేను శ్రద్ధగా తల ఊపాను. టీకా వేయించుకుని, పార్కింగ్‌కు 6 డాలర్లు కట్టి, ఉచిత టీకా ఆరు డాలర్లకు తేలిందని దారంతా స్నేహితురాలితో గొణుగుతూ ఇంటికి వచ్చాను. మళ్ళీ పదిహేడు నెలల దాకా ఆ ఊసే లేదు.

పిలిస్తే పలకని ఆ మనవాళ్ళలో నేను మూడు రోజులు ఉన్నానన్నమాట. సిగ్గుపడుతూనే ఫోను చేశాను.

ఎన్‌ఎండిపి అని, దాతల జాబితా నడిపే సంస్థ. మొదటి మాటల్లోనే నలభై నిమిషాలు ప్రశ్నలు. బరువెంత, నడుము నొప్పి ఉందా, ఆస్తమా ఉందా, పచ్చబొట్టు ఉందా, ఇండియాకు ఆఖరుసారి ఎప్పుడు వెళ్ళారు, అక్కడ మలేరియా వచ్చిందా. చివర్లో ఆవిడ నెమ్మదిగా ఒక మాట చెప్పింది: "ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, ఎవరూ తప్పుపట్టరు. తర్వాత చెప్పడం కంటే ఇప్పుడు చెప్పడం మేలు." ఆ మాటకు అర్థం నాకు కొన్ని నెలల తర్వాత గాని తెలియలేదు. మార్చి 12న ఇంటి దగ్గరి ప్రయోగశాలలో ఎనిమిది గొట్టాల రక్తం తీసుకున్నారు. నా కణాల పోలిక ఆ రోగికి నిజంగా సరిపోతుందో లేదో తేల్చుకోవడానికి కొన్ని వారాలు పడుతుందనీ, సరిపోయినా పిలుపు రాకపోవచ్చనీ చెప్పారు.

అదే నెలలో మా కంపెనీ నా పేరు హెచ్1బి లాటరీలో వేసింది. రోజుకు పదిసార్లు ఈమెయిల్ చూసుకునేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ రెండింటిలో దేనికోసం ఎదురుచూస్తున్నానో నాకే తెలియదు. మార్చి ఆఖరున వీసా లాటరీలో పేరు రాలేదని తెలిసింది. ఏప్రిల్ 17న, గురువారం, ఆఫీసు మెట్లమీద నిలబడి ఉండగా రెండోది వచ్చింది. రోగి వైద్యుడు నన్నే ఎంచుకున్నాడు.

రోగి గురించి చెప్పేది మూడే మూడు సంగతులు: వయసు, ఆడో మగో, జబ్బు పేరు. ఆ మూడూ ఇక్కడ రాయను. కణాలు ఇచ్చిన తేదీ, ఊరు కూడా రాయకూడదు. ఎక్కడో ఆ మనిషి బంధువులు చదివి ఇద్దరినీ కలిపి చూసుకునే ప్రమాదం ఉంటుందట. అందుకే సూదులు మొదలైన దగ్గరినుంచి తేదీలు ఉండవు, రోజుల లెక్క మాత్రమే ఉంటుంది.

ఇచ్చే పద్ధతులు రెండు. మత్తిచ్చి తుంటి ఎముకలోంచి మూలుగ తీయడం ఒకటి. అయిదు రోజులు సూదిమందిచ్చి, మూలుగలోని మూలకణాలు రక్తంలోకి వచ్చేలా చేసి, యంత్రంతో రక్తంలోంచి వడకట్టడం రెండోది. ఇప్పుడు ఎక్కువ మందికి రెండోదే చేస్తున్నారు, నన్నూ అదే అడిగారు.

తెనాలికి ఫోను చేశాను. అక్కడే తప్పు చేశాను, ముందు 'మూలుగ' అనే మాట వాడాను.

"మూలుగ ఇచ్చిన మనిషి మూలుగుతూ పడి ఉండాల్సిందే కదే" అంది అమ్మ.

ఎముక జోలికి ఎవరూ రారమ్మా, రక్తదానం లాంటిదే, కాకపోతే ఎక్కువసేపు పడుతుంది అన్నాను. ఆమె బాధ ఎముక కాదని కాసేపటికి అర్థమైంది. "పెళ్ళి కావలసిన పిల్లవి. రేపు పిల్లలు పుట్టకపోతే? సంబంధం మాట్లాడేటప్పుడు ఈ విషయం చెప్పాలా, దాచాలా?" ఈ ప్రశ్న నేను సంస్థవాళ్ళను అడిగాను కూడా, సిగ్గుపడకుండా. భవిష్యత్తులో సంతానానికి దీనివల్ల ఇబ్బంది ఏమీ లేదని చెప్పారు. ఆ మాట అమ్మకు చెబితే, "వాళ్ళకు కావలసింది వాళ్ళు చెబుతారు" అంది. నాన్న ఆ పూట ఏమీ అనలేదు. మర్నాడు తనే ఫోను చేసి, "ఆ మనిషికి తోబుట్టువులు లేరా అమ్మా?" అని అడిగారు. ఉన్నా ఒక్కొక్కరు సరిపోయే అవకాశం నాలుగింట ఒకటే, సగం పోలిక తల్లి నుంచీ సగం తండ్రి నుంచీ వస్తుంది, ఎవరికి ఏ సగం వస్తుందో అది రాత అని చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "అయితే ఇంట్లోనే దొరకనిది నీ దగ్గర దొరికిందన్నమాట" అన్నారు. ఆ తర్వాత అమ్మను ఒప్పించే పని ఆయనే చూసుకున్నారు.

మే 8న పూర్తి వైద్య పరీక్ష. మూడు గంటలు పట్టింది. గుండె, మూత్రం, మళ్ళీ రక్తం, అంటువ్యాధుల పరీక్షలన్నీ. ఆడవాళ్ళకు గర్భ పరీక్ష కూడా తప్పనిసరి, కణాలు ఇచ్చేలోపు ఇంకోసారి చేస్తారు. ఈ సంగతి తెనాలికి చేరలేదు. ఒక నర్సు రెండు చేతులూ తిప్పి తిప్పి చూసి, ఎడమ చేతి నరం బాగుంది, కుడిది సన్నగా ఉంది, దొరక్కపోతే మెడ దగ్గర గొట్టం వేయాల్సి వస్తుంది అంది. ఆడవాళ్ళలో ఇది కొంచెం ఎక్కువట. ఆ రాత్రి నిద్రపట్టలేదు. సూదులంటే భయం లేదు గాని, మెడ అనేసరికి ఏదోలా అయింది. చివరికి ఆ అవసరం రాలేదు. ముందు రెండు రోజులు నీళ్ళు బాగా తాగమని చెప్పారు, బిందెడు తాగాను.

మొదట ఇచ్చిన తేదీ మే చివర్లో. మా పెద్దమ్మ కూతురి పెళ్ళి మూఢం రాకముందే చేయాలని జూన్ మొదటి వారంలో పెట్టారు. కణాలు ఇచ్చి, వారం ఆగి, విమానం ఎక్కుదామని టికెట్ కొన్నాను. పరీక్షలైన వారానికి ఫోను: రోగి ఇంకా సిద్ధంగా లేరు, వాయిదా. ఎన్నాళ్ళు? చెప్పలేం. ఈలోగా ఇండియా వెళ్ళివస్తానంటే వద్దన్నారు, అక్కడ ఏ జ్వరమో తగిలితే మొత్తం ఆగిపోతుంది. టికెట్ మార్చుకోవడానికి 210 డాలర్లు అయింది. ఈ మొత్తం వ్యవహారంలో నా జేబులోంచి పోయిన పెద్ద ఖర్చు అదే. అడిగితే ఇచ్చేవాళ్ళేమో, అడగబుద్ధి కాలేదు. అక్క మెడలో తాళి పడుతుంటే ఫోనులో చూశాను, బ్యాండుమేళం చప్పుడుకు ఇంకేమీ వినిపించలేదు. అక్క రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

వాయిదా పడిన ఆ రోజులే అన్నిటికన్నా కష్టం. సూదులు, నొప్పి, యంత్రం అన్నీ ముందే చెప్పి చేస్తారు. ఈ ఎదురుచూపులకు మాత్రం ఎవరూ మందివ్వరు. సిద్ధంగా లేరు అంటే ఏమిటి? జబ్బు ముదిరిందా? బతికి ఉన్నారా? అడిగినా చెప్పరు. పేరు తెలియని మనిషి గురించి పొద్దున లేవగానే ఆలోచించడం నాకు వింతగా ఉండేది.

కొత్త తేదీ వచ్చాక సంతకాలు పెట్టించుకుంటూ ఒక విషయం విడమరిచి చెప్పారు. నేను సూదులు వేయించుకునే రోజుల్లోనే అటువైపు రోగికి తీవ్రమైన మందులిచ్చి సొంత మూలుగను పూర్తిగా తుడిచేస్తారు. అది మొదలైన తర్వాత నేను మనసు మార్చుకుంటే నన్ను చట్టం ఏమీ చేయదు, ఆ మనిషి మాత్రం బతకడం కష్టం. మార్చిలో ఆవిడ 'ఇప్పుడే చెప్పండి' అన్నది ఇందుకు. బల్ల దగ్గర తల ఊపడం ఒప్పుకోవడం కాదు, ఒప్పుకున్నది ఆ కాగితం మీద. ఆ వారం నేను రోడ్డు దాటిన తీరు చూస్తే మీరు నవ్వేవారు. పచ్చదీపం పడ్డాక కూడా రెండు వైపులా చూసి, మళ్ళీ చూసి దాటేదాన్ని. స్నేహితురాలి పుట్టినరోజుకు వెళ్ళలేదు, ఎవరో దగ్గుతున్నారని బస్సు దిగి నడిచాను.

మొదటి రోజు: సూదిమంది పేరు ఫిల్‌గ్రాస్టిమ్. బరువును బట్టి మోతాదు, నాకు రోజుకు రెండు సూదులు, బొడ్డుకు చెరోపక్క. మొదటిది ఆసుపత్రిలో వేసి కాసేపు కూర్చోబెట్టారు. తర్వాతి రెండు రోజులు నర్సు ఇంటికే వచ్చింది. మొదటి రోజు ఏమీ అనిపించలేదు. అమ్మకు గర్వంగా చెప్పాను.

రెండో రోజు రాత్రి మొదలైంది. నడుము, తుంటి, ఛాతీ మధ్య ఎముక. పోటు కాదు, సలుపు. ఎముకల లోపల ఎవరో జన సమ్మర్దంలో తోసుకుంటున్నట్టు. నిజానికి జరుగుతున్నదీ అదే. మూడో రాత్రి పక్క తిరిగితే మూలిగాను. అమ్మ మాటే నెగ్గింది. టైలనాల్ అనే పారాసెటమాల్ మాత్ర కొంత పనిచేసింది. నర్సు చెబితే అలర్జీకి వాడే లోరటడిన్ వేసుకున్నాను, అది ఆశ్చర్యంగా ఇంకా బాగా పనిచేసింది. తుమ్ముల మాత్రకు ఎముకల నొప్పి తగ్గడమేమిటో అనుకున్నాను. దానికి తోడు తలనొప్పి. జ్వరం వచ్చేముందు ఒళ్ళు ఎలా ఉంటుందో అలా ఉంది, జ్వరం మాత్రం లేదు.

మూడో రోజు సాయంత్రం వేరే రాష్ట్రానికి విమానం. కణాలు తీసే కేంద్రం మా ఊళ్ళో కాదు. టికెట్లు, హోటలు, భోజనం ఖర్చు అన్నీ సంస్థే భరించింది, తోడు వచ్చేవాళ్ళకు కూడా. పోయిన జీతానికీ అడగవచ్చు, నాకు ఆఫీసువాళ్ళు సెలవు ఇచ్చారు. తోడుగా పిన్ని న్యూజెర్సీ నుంచి నేరుగా అక్కడికి వచ్చింది, పెట్టెలో బట్టల కంటే డబ్బాలు ఎక్కువ. హోటల్ గదిలో ఆమె చెప్పిన సిద్ధాంతం ఇది: "ఇంతగా కలిసిందంటే ఎవరో మన దూరపు చుట్టమే అయి ఉంటారు. మన మేనరికాల లెక్కలు నీకేం తెలుసు?" నవ్వాను గాని, కొట్టిపారేయలేకపోయాను. సొంత జాతివాళ్ళలోనే పోలిక దొరికే అవకాశం ఎక్కువన్నది నిజమే. ఆ రాత్రి పిన్ని తెలిసిన జబ్బు మనుషులందరినీ వరసబెట్టి గుర్తుచేసుకుంది. వేమూరు బాబాయి బావమరిది దాకా వెళ్ళాక నేను దీపం ఆర్పేశాను.

నాలుగో రోజు రక్తపరీక్షలో తెల్లకణాలు 41,000. మామూలుగా నాలుగు వేల నుంచి పదకొండు వేలు ఉండాలి. కాగితం మీద ఎర్రగా గుర్తుపెట్టిన ఆ అంకె చూసి నేను కంగారుపడితే, నర్సు సంతోషపడింది.

అయిదో రోజు ఉదయం ఏడున్నరకు ఆఖరి సూదులు. తర్వాత పడక మీద పడుకోబెట్టి ఎడమ చేతిలో ఒక సూది, కుడి చేతిలో ఒకటి. ఒక చేతిలోంచి రక్తం యంత్రంలోకి వెళ్ళి, మూలకణాలు తీసేసుకున్నాక మిగిలింది ఇంకో చేతిలోంచి తిరిగి వస్తుంది. అయిదున్నర గంటలు. ఎడమ మోచేయి అసలు వంచకూడదు, కుడిదీ దాదాపు అంతే. అందరూ నొప్పి గురించి అడుగుతారు, నేనయితే ముందుగా మరుగుదొడ్డి గురించి చెబుతాను. వెళ్ళేముందు రెండుసార్లు వెళ్ళిరండి, మధ్యలో లేవనివ్వరు, పడక దగ్గరికే తెస్తారు. బిందెడు నీళ్ళు తాగిన దాన్ని నేను. రెండోది ముక్కు. ఎన్నడూ లేనిది ఆ రోజే దురద పుట్టింది, పిన్ని గోకింది. గంట గడిచాక పెదవుల చుట్టూ తిమ్మిరి, చీమలు పాకుతున్నట్టు. రక్తం గడ్డకట్టకుండా కలిపే మందు ఒంట్లో కాల్షియాన్ని తగ్గిస్తుందట. సుద్దముక్కల్లాంటి కాల్షియం మాత్రలు నమలమన్నారు, తగ్గింది. తిరిగి వచ్చే రక్తం చల్లగా ఉండి వణుకు వస్తుంది, దుప్పట్లు అడగండి, వేడిచేసి ఇస్తారు.

పన్నెండు గంటలకు పిన్ని డబ్బా తీసింది. పులిహోర. నర్సును అడిగి, చేతులు కడుక్కుని, చిన్న చిన్న ముద్దలు చేసి నా నోట్లో పెట్టింది. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు అమ్మ అలా పెట్టిన గుర్తు, మళ్ళీ ఇదే. పక్క పడకలో ప్లేట్‌లెట్లు ఇస్తున్న పెద్దాయన మా ఇద్దరినీ చూసి, ఆ వాసన ఏమిటని అడిగాడు. తనూ కొంచెం పెట్టించుకున్నాడు.

అయిపోయాక చూపించారు. గుప్పెడంత సంచి, లోపల టమాటా చారు రంగులో పలచటి ద్రవం. ఇన్ని నెలల హడావుడి దీనికోసమా అనిపించింది. కాసేపటికి ఒకాయన చల్లపెట్టె పట్టుకుని వచ్చాడు, నా చుట్టుపక్కలకు రాలేదు, కాగితాలు సరిచూసుకుని, సంచి లోపల పెట్టించుకుని, పెట్టెను భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఏ ఊరి విమానం ఎక్కుతాడో అడగకూడదు. తలుపు మూసుకునేదాకా చూశాను. ఎందుకో తెలియదు గాని అప్పుడు ఏడ్చాను. పిన్ని నొప్పి అనుకుని నర్సును పిలిచింది.

ఎముకల సలుపు మర్నాటికి సగం, మూడో రోజుకు మొత్తం పోయింది. అలసట మాత్రం వారం ఉంది, మెట్లెక్కితే ఆయాసం. మూడో రోజే ఆఫీసుకు వెళ్ళాను, వెళ్ళకుండా ఉండాల్సింది. మూడు వారాల తర్వాత ఒక ప్రయోగశాల నుంచి 412 డాలర్ల బిల్లు వచ్చింది. గుండె ఆగినంత పనైంది. పొరపాటున నా బీమాకు పంపారట. సంస్థవాళ్ళకు ఫోటో తీసి పంపితే పది రోజుల్లో రద్దయింది. మీకు అలాంటిది వస్తే కట్టకండి, పంపించండి.

తమ్ముడికి ఈ కథంతా చెప్పాక, వాడు హైదరాబాద్‌లో కాలేజీ స్నేహితులతో కలిసి దాత్రిలో పేరు ఇచ్చాడు. చెన్నై కేంద్రంగా 2009 నుంచి ఇదే పని చేస్తున్న సంస్థ అది. అమ్మకు వాడు ఇంకా చెప్పలేదు.

ఆగస్టులో మా యూనివర్సిటీ ఆసుపత్రి వార్తల ఈమెయిల్ వాళ్ళు రాశారు, నా గురించి వేస్తామని, మేళాలో పేరు ఇచ్చినవాళ్ళకు ఉత్సాహంగా ఉంటుందని. నేను ఒక్కసారి కూడా పూర్తిగా చదవని ఈమెయిల్ అది. ఫోటో వేస్తే దిష్టి తగులుతుందని అమ్మ, పేరు లేకుండా వేయమని నేను. చివరికి 'మా పూర్వ విద్యార్థిని ఒకరు' అని నాలుగు వాక్యాలు వేశారు, టీకాల తేదీలకు కింద, పార్కింగ్ మార్పులకు పైన.

కణాలు అందుకున్న మనిషికి పేరు లేకుండా ఉత్తరం రాయవచ్చు. మొదటి ఏడాది గడిచేదాకా ఎవరు ఎవరో తెలియకూడదు కాబట్టి సంస్థవాళ్ళు చదివి పంపుతారు. సెప్టెంబరులో ఒక పేజీ రాశాను. సమన్వయకర్త ఫోను చేసి, తెనాలి తీసేయాలి, పెళ్ళి తీసేయాలి, పిన్ని ఉండే ఊరు తీసేయాలి అంది. తర్వాత, "ఈ మాట ఏమిటి, దీనివల్ల మీరు ఎక్కడివాళ్ళో తెలిసిపోతుందా?" అని పులిహోర అక్షరాలను ఒక్కొక్కటిగా చదివింది. తెలియాల్సినవాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది అన్నాను. ఇద్దరం కాసేపు ఆలోచించి, 'మా పిన్ని కలిపి పెట్టిన అన్నం' అని మార్చాం. ఉత్తరం వెళ్ళింది. జవాబు ఇంకా రాలేదు.